ఒంటి కర్రు నాగలి

నాగలి లేవలేదు. ట్రాక్టరే లేచింది.

లిఫ్టు మీట పైకి లాగగానే వెనక నాగలి రవ్వంత కదిలి ఊరుకుంది. ముందు చక్రాలు రెండూ నేల వదిలేసి గాల్లో నిలబడ్డాయి. స్టీరింగు చేతిలో ఊరికే గిర్రున తిరుగుతోంది. చిన్నోడు గాభరాగా మీట నొక్కేశాడు. చక్రాలు దబ్బున నేల మీద పడ్డాయి. పాక చూరులోంచి దుమ్ము రాలి అతని నెత్తిన పడింది.

"ఇదేం సర్కస్సండీ బాబూ!" అంది గుమ్మంలో చేట పట్టుకుని నిలబడ్డ భార్య.

"నవ్వకే. అసలే ఒళ్ళు మండుతోంది."

"నేనెక్కడ నవ్వాను? నోరు తెరిచానంతే."

అతను ఇంజను ఆపి, దిగి, నాగలి చుట్టూ తిరిగాడు. రెండు కర్రుల ఇనుప నాగలి అది, పెద్ద ట్రాక్టరు కోసం చేయించింది. దాని పిన్నులు లావు, ఈ బండి లిఫ్టు చేతుల కన్నాలు సన్నం. పొద్దుటినుంచీ కుస్తీ పట్టి, లావు పిన్నులు ఊడదీసి సన్న బోల్టులు బిగించాడు. తగిలించడమైతే తగిలించాడు గానీ, చూస్తుంటే మేక తోకకి రోలు కట్టినట్టుంది. పూలతోటవాళ్ళు గడ్డి కోసి కోసి వదిలించుకుంటే మొన్న చవగ్గా కొన్న బుల్లి ట్రాక్టరు అది. అది మాత్రం ఏం చేస్తుంది?

చిన్నోడంటే వయసుకి చిన్నవాడేం కాదు, తల సగం నెరిసింది. పైన పెద్దోడొకడు ఉన్నంతకాలం చిన్నోడికి ఎదిగే యోగం లేదు, అంతే. ఆ పెద్దోడి దగ్గర పెద్ద ట్రాక్టరుంది, నాగలి లేదు. చిన్నోడి దగ్గర నాగలుంది, మొన్నటిదాకా బండి లేదు. ఇది వాళ్ళమ్మ చేసిన పంపకం. పంచుకోవడానికి సెంటు నేల లేదు, ఉన్నవల్లా ఆ రెండే. "బండి ఒకడికి, నాగలి ఒకడికి. ఒకడి గుమ్మం ఒకడు తొక్కక ఎక్కడికి పోతారు? మాటలు తెగకుండా ఉంటాయి" అని నలుగురి ముందూ గర్వంగా చెప్పుకుంది. నాగలి ఎవడిదైనా, సీటు మీద కూర్చున్నవాడిదే రాజ్యమన్న సంగతి పాపం ఆవిడకి తట్టలేదు. ప్రతి ఏడూ నాగలి ముందు పెద్దోడితో పోయేది. వాడి కౌలు చేలూ, వాడి బావమరిది చేలూ, ఊళ్ళోవాళ్ళ అద్దె దున్నకాలూ అన్నీ అయ్యాక, పదును ఆరిపోయి నేల రాయిలా బిగిశాక, అప్పుడు చిన్నోడి వంతు. పోయినేడు ఆ వంతు కూడా రాలేదు. చేను బీడు పడింది.

చిన్నోడిదీ కౌలు చేనే. ఆసామి పట్నంలో ఉంటాడు. మొన్న వచ్చి బీడులో మోకాలెత్తు పెరిగిన గడ్డి చూసి, "బీడు పెట్టేవాడికి నేనెందుకివ్వాలోయ్? వచ్చే వారం మళ్ళీ వస్తా. దున్ని కనబడితే చేను నీది. లేదా, మీ అన్న అడుగుతూనే ఉన్నాడు" అనేసి కారెక్కాడు. ఆ చేను పోతే చిన్నోడు రేపట్నుంచి ఎవరి చేలోనో కూలీ. ఆ మాట ఇంట్లో ఎవరూ పైకనలేదు, అందరికీ తెలుసు.

"ముందు బరువు లేదు. అదీ జబ్బు" అన్నాడు చివరికి.

"అయితే నేను కూర్చుంటా."

"ఎక్కడ?"

"ముందు. లావయ్యావు, లావయ్యావు అని ఇన్నేళ్ళూ సతాయించారుగా. ఇవాళ్టికి నా బరువు అక్కరకొచ్చింది."

అతనికి నవ్వాగలేదు. ఆ నవ్వులోనే బుద్ధి గడ్డి తిని సరేనన్నాడు.

చేలో నేల ఇంకా పదునులో ఉంది. పిడికెడు మట్టి తీసి నొక్కితే ముద్దవుతోంది, వేలితో తడితే విడిపోతోంది. నాలుగైదు రోజులు ఎండ కాస్తే ఈ పదును ఉండదు. భార్య గోనెసంచి మడతేసి బానెట్టు మీద పరుచుకుని, చీర కుచ్చిళ్ళు దోపుకుని, ఎక్కి కూర్చుంది. అతను నాగలి దించాడు. రెండు కర్రులూ నేలలోకి దిగాయి. బండి కాస్త ముందుకి నడిచింది, గుర్రుమంది, ఆగింది. వెనక చక్రాలు ఉన్నచోటే తిరుగుతూ గోతులు తవ్వుకుంటున్నాయి. కాలిన రబ్బరు వాసన వచ్చింది. అతను పంతానికి ఇంకాస్త యాక్సిలరేటరు పెంచాడు. ఒక్కసారిగా ముందు భాగం ఎగిరింది. భార్య సంచితోపాటు పక్కకి జారి బెడ్డల మీద పడింది.

అతను బండి ఎలా ఆపాడో, ఎలా దూకాడో అతనికే తెలియదు. ఆమె మోచెయ్యి చెక్కుకుపోయింది. చక్రం ఆమె కాలికి జానెడు దూరంలో ఉంది.

"ఏం కాలేదు, ఏం కాలేదు" అంటోంది ఆమె, అతని మొహం చూసి.

"చేను పోతే పోయిందే. నీకేమన్నా అయితే నేనేం చెయ్యను?" అన్నాడు.

"నాకేమవుతుంది? మీ అమ్మ కంటే గట్టిదాన్ని నేను" అంది ఆమె, లేచి చీర దులుపుకుంటూ.

గట్టు మీద పెద్ద ఇంజను చప్పుడు వినబడింది. పెద్దోడు. ఇంజను ఆపకుండానే బండిమీంచి తొంగిచూశాడు.

"ఏంట్రా, మేకని తెచ్చి కాడికి కట్టావు?"

చిన్నోడు భార్య మోచేతికంటిన మట్టి దులిపాడు.

"సరేగానీ నాగలి విప్పు. రేపట్నుంచి నాకు దున్నకాలున్నాయి."

"ముందు నా చేను దున్నెయ్యన్నయ్యా. బండిమీదే ఉన్నావు, నాగలి ఇక్కడే ఉంది. పూట పని. దున్నేసి పట్టుకుపో."

"వరసంటూ ఉంటుంది కదరా. నలుగురికీ మాటిచ్చాను."

"నాకిచ్చిన మాటో?"

"నీదెక్కడికి పోతుంది? ఇంట్లోవాడివి."

ఇంట్లోవాడు! ఈ మాటంత చవకైన మాట ఇంకోటి లేదు. బయటివాడికి పెట్టాల్సింది పెట్టకపోతే నిలదీస్తాడు. ఇంట్లోవాడికి ఎగ్గొడితే ఇంట్లోవాడేగా అని సర్దుకుపోవాలి. చిన్నోడు పెళ్ళయిన నాటినుంచీ సర్దుకుంటూనే ఉన్నాడు. సర్దుకుని సర్దుకుని ఇప్పుడు నిలబడ్డానికి జాగా లేదు.

"ఈ చేను మీకిమ్మని ఆసామిని అడిగారట కదా బావగారూ?" అంది భార్య, మోచేతి నెత్తురు కొంగుతో అద్దుకుంటూ.

పెద్దోడు ఇంజను వైపు చూశాడు, ఆకాశం వైపు చూశాడు. "బీడు పడుతోంది కదమ్మా. పరాయివాడెవడో తన్నుకుపోకుండా అడిగాను. మీకోసమే."

"అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదని! మీరు దున్నరు, దున్నుకోనివ్వరు. పైగా మాకోసం!"

"నేను నాగలివ్వనన్నయ్యా" అన్నాడు చిన్నోడు. మాట నోట్లోంచి వచ్చాక అతనికే ఆశ్చర్యమేసింది.

పెద్దోడు కాసేపు తమ్ముణ్ణి కొత్తమనిషిని చూసినట్టు చూశాడు. "అలాగే కానీరా. ఏం దున్నుతావో నేనూ చూస్తా" అని గేరు వేశాడు. పెద్ద చక్రాలు గట్టు మట్టిని చిమ్ముకుంటూ పోయాయి.

ఈ సంగతి చిన్నోడింట్లోనే ఉండే ముసలి తల్లికి కోడలు చెప్పక్కర్లేకపోయింది, ఊళ్ళో గాలే చెప్పింది. సాయంత్రం కొడుకు కాళ్ళు కడుక్కుంటుంటే పక్కన నిలబడి, "ఒరేయ్ చిన్నోడా, వాడికిచ్చెయ్యరా. రేపు దున్నుతాడు" అంది.

"పోయినేడు కూడా రేపేనమ్మా."

"మరి నీ బండి లాగడంలేదటగా?"

"రెండు కర్రులు లాగదు. ఒకటైతే లాగుతుంది. వెల్డింగు షాపుకి తీసుకెళ్ళి ఒకటి కోయించేస్తా."

ముసలావిడ చెంబు కింద పెట్టింది. "కోస్తే పెద్దోడికి పనికిరాదు కదరా."

"రాదు."

"ఎలక మీద కోపంతో ఇంటికి నిప్పెట్టుకుంటావా?"

"ఇల్లెక్కడుందమ్మా? నువ్వు పంచినరోజే కూలిపోయింది."

అనకూడని మాట. అన్నవాడికీ తెలుసు. ముసలావిడ గోడ పట్టుకుని లోపలికి వెళ్ళి, తలుపు వైపు వీపు పెట్టి పడుకుంది. కోడలు పళ్ళెం తీసుకెళ్ళి, మళ్ళీ అలాగే తెచ్చేసింది.

వెల్డింగు మేస్త్రి నాగల్నీ బండినీ పక్కపక్కన పెట్టించి చాలాసేపు చూశాడు. చెవి సందున బలపం, చేతిలో టేపు.

"పెళ్ళి సంబంధం కుదిర్చినట్టేనయ్యా ఇది కూడా. ఈడూజోడూ చూసుకోవద్దూ? బుడ్డోడికి తీసుకొచ్చి ఆరడుగుల పిల్లని కట్టబెట్టావు."

"ఎగతాళి మాని పని చూడు మేస్త్రీ."

మేస్త్రి వంగి వెనక చక్రాల లోపలి అంచులు కొలిచాడు. కర్రు సరిగ్గా కుడి చక్రం లోపలి అంచు వారగా నడవాలట. మరీ లోపలికి జరిగితే దున్నిందే దున్నుతుంది, బయటికి జరిగితే నేల మిగిలిపోతుంది, బండినీ పక్కకి లాగేస్తుంది. ఫ్రేము మీద బలపంతో గీత గీశాడు. గీసి, గ్యాసు కట్టరు వెలిగించబోయి ఆగాడు.

"నిజంగా కోసెయ్యమంటావా? రేపు మనసు మారి అతికించమంటే అతికిస్తా. కానీ మళ్ళీ ఆ బలం రాదు."

చిన్నోడు ఆ గీతకేసి చూశాడు. ఈ నాగలి తెచ్చినరోజు అన్నా తనూ చెరో వైపూ పట్టుకుని దించారు. అన్న వేలు నలిగితే తనే నోట్లో పెట్టుకుని నెత్తురు పీల్చి ఉమ్మేశాడు.

"కొయ్యి" అన్నాడు.

నీలం మంట ఇనుములోకి దిగింది. నిప్పురవ్వలు మేస్త్రి చెప్పుల మీద రాలాయి. వెనక కర్రు ఒక పక్కకి వాలి, ఇంకాస్త వాలి, ఠంగుమని సిమెంటు మీద పడింది. చిన్నోడు వెళ్ళి కుళాయి కింద మొహం కడుక్కుని వచ్చాడు. అప్పటికి మేస్త్రి ఫ్రేముకి సన్న పిన్నులు అతకడం మొదలుపెట్టాడు.

మర్నాడు పొద్దున్న బండిని మళ్ళీ చేలోకి దించాడు. ఈసారి ముందు బంపరుకి ఇసక బస్తాలు కట్టాడు. వెనక టైర్ల ట్యూబుల్లో నీళ్ళు నింపించాడు, పట్టు దొరకాలని. భార్య గట్టు మీద నిలబడి, "నన్ను ఉద్యోగంలోంచి తీసేసి బస్తాల్ని పెట్టుకున్నారన్నమాట" అంది. చేతికి గుడ్డకట్టు ఉంది.

లిఫ్టు ఎత్తితే నాగలి లేచింది. ముందు చక్రాలు నేలమీదే ఉన్నాయి. దించితే కర్రు దిగింది. కానీ బండి ఎండ్రకాయలా పక్కకి నడిచింది. దిగి చూశాడు. నాగలి పైభాగాన్ని బండికి పట్టి ఉంచే టాప్ లింకు పొట్టిగా బిగించడంతో నాగలి ముక్కు నేలలోకి పొడుచుకుంటోంది. పొడుగు చేశాడు. అప్పుడు మరీ తేలిపోయింది. సగం తిప్పాడు. మొదటి చాలు తెగాక కుడి చక్రం ఆ చాలులోకి దిగింది, బండి మొత్తం ఒక పక్కకి ఒరిగింది, దాంతోపాటే నాగలీ ఒరిగి మట్టిని గోకింది. కుడి లిఫ్టు చేతికి ఉన్న తిప్పుడు మరతో ఆ చేతిని పైకి లేపి సమం చేశాడు. ఎక్కడం, నాలుగు బారలు నడపడం, దిగడం, మోకాళ్ళ మీద కూర్చుని చూడడం, మళ్ళీ ఎక్కడం. చొక్కా తడిసి వీపుకి అతుక్కుపోయింది. బండి మీద అరిచాడు, మేస్త్రి మీద అరిచాడు, అన్న మీద అరిచాడు.

అప్పుడు, మిట్టమధ్యాహ్నపు ఎండలో, కర్రు పట్టు దొరకబుచ్చుకుంది. మట్టి కర్రు పైనున్న ఇనుప రెక్క మీదికెక్కి, ఒళ్ళు విరుచుకుని, కింది నల్లదనం పైకి పెట్టి బోర్లా పడింది. గడ్డి లోపలికి పోయింది. ఇంజను మొరాయించలేదు, చక్రం జారలేదు. చేను ఆ చివరిదాకా ఒకటే చాలు, తాడు పట్టి గీసినట్టు.

చిన్నోడు ఆ చివర బండి ఆపి వెనక్కి తిరిగి చూసుకున్నాడు. ఇన్నేళ్ళలో తన చేను తను దున్నుకోవడం అదే మొదలు. "ఓసేయ్!" అని కేకేశాడు. ఇంకేం చెప్పాలో తెలియలేదు. అవతలి గట్టు మీద భార్య రెండు చేతులూ ఎత్తి ఊపింది.

ఒంటి కర్రు కదా, నత్తనడక. పెద్ద ట్రాక్టరుకి పూట పని దీనికి రోజుల పని. దారినపోయేవాళ్ళు "ఏం బాబూ, కూర పాదు చేస్తున్నావా?" అని హాస్యమాడారు. అతను పట్టించుకోలేదు. చీకటితోనే వచ్చి, ఇంజను వేడెక్కితే ఆపి, చల్లారాక మళ్ళీ నడిపాడు. ఒకరోజు పెద్దోడు రోడ్డు మీద పోతూ కనిపించాడు. అతని బండి వెనక ఏమీ లేదు. తమ్ముడి వైపు తల తిప్పలేదు. ఇంటి దగ్గర ముసలావిడ కొడుకుతో మాట్లాడటం మానేసింది. కావలసింది కోడలికి చెప్పేది.

దున్నాల్సిన నేల ఇంకొక్క బద్ద మిగిలి ఉండగా ఆసామి వచ్చాడు. వెంట అల్లుడున్నాడు. పట్నంలో ఉద్యోగం ఊడి అత్తారింట్లో ఉంటున్నాడు. నెమ్మదస్తుడు. బూట్లకి మట్టంటుతుంటే నొచ్చుకోకుండా చాళ్ళ మధ్యకి వచ్చేశాడు.

"ఏమోయ్, ఈ ఆటబొమ్మతోనా ఇదంతా?" అన్నాడు ఆసామి. చేతికర్ర చాలులో గుచ్చి లోతు చూశాడు. ఇంకోచోట గుచ్చాడు. "బాగుందోయ్. చాలా బాగుంది. పెద్ద ట్రాక్టరు దున్నినట్టే ఉంది."

చిన్నోడి మొహం చేటంతయింది. "ఒక కర్రు కోయించేశానండీ. ఈ బండికి ఒకటే సరిజోడు."

"ఏదీ, మా అల్లుడికి కాస్త చూపించు. వాడికిలాంటివి సరదా."

చూపించాడు. అడిగినవీ అడగనివీ అన్నీ చెప్పాడు. ముందు బస్తాలెందుకో, ట్యూబుల్లో నీళ్ళెందుకో, చక్రం లోపలి అంచుకీ కర్రుకీ ఉండాల్సిన పొత్తేమిటో, టాప్ లింకు ఎంత తిప్పితే ముక్కు ఎంత దిగుతుందో, పుల్లతో నేలమీద బొమ్మగీసి మరీ చెప్పాడు. తను పడ్డ అవస్థ మెచ్చుకుని వినే మనిషి ఇన్నాళ్ళకి దొరికాడు. అల్లుడు శ్రద్ధగా విన్నాడు, మంచి మంచి ప్రశ్నలు వేశాడు. "నేనోసారి ఎక్కనాండీ?" అంటే చిన్నోడే చెయ్యిచ్చి సీటెక్కించాడు. మొదటి చాలు పక్కన నడుస్తూ నేర్పాడు. రెండోదానికి అల్లుడు ఒక్కడే పోయాడు.

ఆసామి గట్టు మీద నిలబడి చూస్తున్నాడు. చిన్నోడు వచ్చి పక్కన నిలబడి, తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు.

"పెద్ద ట్రాక్టరు లేందే ఈ నేల దిగదని మీ నాన్న చెప్పేవాడోయ్. మనవల్ల కాదులే అని ఇన్నేళ్ళూ కౌలుకిచ్చేశాను. మా తోటలో అచ్చం ఇలాంటి బండే తుప్పు పట్టిపోతోంది."

"బాగు చేయించుకోండి, బంగారంలా పనిచేస్తుంది."

"అదే అనుకుంటున్నా. వీడు కూడా ఖాళీగా ఉండి కుమిలిపోతున్నాడు. వీడే చేసుకుంటాడులే ఈ చేను. నువ్వేం అనుకోకు. నీ కష్టం ఊరికే ఉంచుకోను."

చిన్నోడికి ముందు అర్థం కాలేదు. తువ్వాలు మెడ మీదే ఉండిపోయింది.

"దున్ని కనబడితే నాదన్నారు కదండీ."

"అన్నాను. అన్నమాట నిజమే. ఇంత సులువని అప్పటికి నాకు తెలీదు కదోయ్." ఆసామి అతని భుజం తట్టాడు. నిజంగానే మెచ్చుకుంటూ తట్టాడు. "నువ్వే చూపించావు" అని కారు దగ్గరికి నడిచాడు.

భార్య క్యారేజీ పట్టుకుని గట్టు వెంబడి వచ్చింది. ఆయాసపడుతూ ఆగి, "సీటు మీద ఎవరండీ? మీరేంటి ఇక్కడ కూలబడ్డారు?" అంది. మొగుడి మొహం చూసి క్యారేజీ కింద పెట్టింది.

"చేను పోయిందే."

"బాగా దున్నారుగా! దున్నితే మనదన్నాడుగా!" ఆమె గొంతు లేచింది. "ఎవరికిచ్చాడు? మీ అన్నకేనా?"

"వాళ్ళే చేసుకుంటారట. ఇలా దున్నుకోవచ్చని నేనే నేర్పాను." అతను రెండు చేతులతో తల పట్టుకున్నాడు. "అన్నకిచ్చినా బాగుండేదే. వాడి గుమ్మంలోకెళ్ళి తిట్టి వచ్చేవాణ్ణి. వీళ్ళనేమని తిట్టను?"

ఆమె పక్కన కూర్చుంది. కొంగు నోట్లో కుక్కుకుంది. ఇద్దరూ దున్నిన చేను వైపు చూడలేక కాళ్ళ దగ్గరి మట్టి చూస్తూ కూర్చున్నారు.

చేను మధ్యలోంచి కేక వినబడింది. అల్లుడు బండి ఆపి, సీటు మీదనుంచి వెనక్కి తిరిగి చెయ్యూపుతున్నాడు. మామగారు ఏమన్నాడో అతనికి తెలిసినట్టు లేదు. "ఇది పక్కకి లాగేస్తోందండీ! ఏం తిప్పాలి?"

చిన్నోడు లేచాడు. భార్య అతని చెయ్యి పట్టుకుంది.

"వెళ్ళకండి. వాళ్ళ తిప్పలు వాళ్ళని పడనివ్వండి."

అతను అలాగే నిలబడ్డాడు. అక్కడ చాలు వంకరపోయి, పక్క చాలు మీదికి మట్టి ఎక్కి కనిపిస్తోంది. చూడకూడదనుకుంటూనే చూశాడు. మెల్లగా చెయ్యి విడిపించుకున్నాడు. చాళ్ళ మీదుగా నడిచి వెళ్ళాడు. నాగలి వెనక మోకాళ్ళ మీద కూర్చుని, ఒక కన్ను మూసి కర్రు వాలు చూశాడు. తిప్పుడు మర పట్టుకుని కాస్త తిప్పాడు, ఇంకాస్త తిప్పాడు.

"ఇప్పుడు పోనివ్వండి" అన్నాడు.

బండి కదిలింది. చాలు తిన్నగా పడింది.